యూదుల పన్ను, రోమన్ నాణేలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రోమన్ నాణేల మీద ఎప్పుడు మాట్లాడినా, ఫొటో ఒకటి పెట్టినా, చివరికి ప్రశ్నలు యూదుల పన్ను దగ్గరికే వస్తాయి. నెర్వా చక్రవర్తి ఆ పన్ను తీసేశాడా, ముసలాయన బట్టలు విప్పించారట నిజమా, బైబిల్లోని నాణెం ఇదేనా. ప్రతిసారీ విడివిడిగా జవాబు రాసే ఓపిక లేక అన్నీ ఒకచోట పెట్టాను. వరుసగా చదవాల్సిన పని లేదు, మీకు కావలసిన ప్రశ్నకు నేరుగా వెళ్ళిపోవచ్చు.

## మొదటి సందేహాలు

రోమ్ అందరి దగ్గరా పన్ను లాగేది కదా, యూదుల పన్నులో అంత ప్రత్యేకం ఏముంది?

రోమ్ పాలన కింద బతికినవాళ్ళు భూమి శిస్తు, తలపన్ను, సుంకాలు కట్టేవారు. అవి మీరు ఏ ప్రాంతంలో ఉన్నారు, మీకు ఎంత భూమి ఉంది, మీకు రోమన్ పౌరసత్వం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉండేవి. యూదుల పన్ను అలాంటిది కాదు. రోమ్ మీద యూదులు చేసిన తిరుగుబాటు ఓడిపోయి, క్రీ.శ. 70లో జెరూసలేం దేవాలయం కూలాక వెస్పేసియన్ చక్రవర్తి దీన్ని వేశాడు. సామ్రాజ్యంలో ఏ మూలన ఉన్నా, తిరుగుబాటుతో సంబంధం ఉన్నా లేకపోయినా, యూదులైతే చాలు, ఏడాదికి రెండు దేనారాలు (రోమన్ వెండి నాణేలు) కట్టాలి. మిగతా పన్నులు తగ్గవు, వాటి మీద ఇది అదనం. అలెగ్జాండ్రియాలోనో రోమ్‌లోనో దుకాణం పెట్టుకుని బతికే మనిషి, ఎక్కడో జెరూసలేంలో జరిగిన యుద్ధానికి జరిమానా కట్టినట్టు.

ఫిస్కస్ యుదాయికస్ అంటే ఏంటి?

ఫిస్కస్ అంటే లాటిన్‌లో మొదట బుట్ట. తర్వాత డబ్బుల బుట్ట, ఆ తర్వాత చక్రవర్తి ఖజానా. యుదాయికస్ అంటే యూదులది. యూదుల పన్ను వచ్చి పడే ఖజానా విభాగం అన్నమాట. దానికి వేరే అధికారి ఉండేవాడు. రోమ్‌లో దొరికిన ఒక శాసనంలో టైటస్ ఫ్లేవియస్ యూస్కెమోన్ అనే విముక్తుడైన బానిస యూదుల తలపన్ను వ్యవహారాలు చూసిన అధికారిగా కనిపిస్తాడు.

నాణెం మీద పన్ను రేటు రాసి ఉంటుందా? లేకపోతే నాణెం చూసి పన్ను సంగతి ఎలా చెప్తారు?

రేటు ఉండదు. రోమన్ నాణెం బొమ్మ వైపు చక్రవర్తి తల, పేరు, బిరుదులు ఉంటాయి. బొరుసు వైపు ఆయన జనానికి చెప్పదలుచుకున్న మాట ఉంటుంది: యుద్ధం గెలిచాను, ధాన్యం పంచాను, పన్ను తగ్గించాను. పేపర్లు, టీవీలు లేని కాలంలో చేతులు మారే ప్రకటన అది.

పన్ను తగ్గింపు గురించి చక్రవర్తులు వేసిన నాణేలు చాలానే ఉన్నాయి. కాలిగులా అమ్మకాల మీద ఉన్న అర శాతం పన్ను తీసేసి చిన్న రాగి నాణేల మీద ఆ సంగతి వేయించాడు. గాల్బా నలభయ్యో వంతు సుంకం మాఫీ చేసినట్టు వేయించాడు. హేడ్రియన్ కాలపు నాణెం మీద పాత బకాయిల పత్రాలు తగలబెడుతున్న దృశ్యమే ఉంది. రద్దు చేసిన మొత్తం కూడా దాని మీదే వేశారు, 90 కోట్ల సెస్టెర్టియస్‌లు (పెద్ద ఇత్తడి నాణేలు).

అయితే నాణెం మీద ఉన్నది పాలకుడి మాట. కట్టినవాడి మాట కావాలంటే ఈజిప్టు కుండపెంకుల మీద రాసిన రసీదులు చూడాలి. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే కథ తేలుతుంది. నాణెం ఒక్కటే చూసి తీర్పు చెప్పేవాళ్ళే ఎక్కువగా పొరపాటు పడతారు.

## దేవాలయం కూలక ముందు

బైబిల్లో ఒకచోట అరతులము, ఇంకోచోట అరషెకెలు అని ఉంది. రెండూ ఒకటేనా?

ఒకటే. తెలుగు అనువాదంలో పాత నిబంధన దగ్గర తులము అనీ, మత్తయి సువార్తలో షెకెలు అనీ రాశారు, అందుకే ఈ గందరగోళం. నిర్గమకాండం 30వ అధ్యాయంలో లెక్కలో చేరిన ఇరవై ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ అర షెకెలు ఇవ్వాలని ఉంది. తర్వాతి కాలంలో అదే జెరూసలేం దేవాలయానికి ఏటేటా పంపే కానుకగా స్థిరపడింది. దేవాలయంలో రోజువారీ బలులు, నిర్వహణ ఖర్చులు దాంతోనే నడిచేవి.

మత్తయి 17లో పేతురును "మీ బోధకుడు ఈ అరషెకెలు చెల్లింపడా" అని అడిగేది ఈ కానుక గురించే, రోమ్ పన్ను గురించి కాదు. ఆ కథలో చేప నోట్లో దొరికే నాణెం ఒక పూర్తి షెకెలు. అంటే ఇద్దరికి సరిపోయింది. లెక్క తెలిసినవాడు చెప్పిన కథ అని అక్కడే తెలుస్తుంది.

విగ్రహాలు వద్దన్న మతం, వేరే దేవుడి తల ఉన్న నాణేన్ని కానుకగా ఎలా తీసుకుంది?

ఇది నాకూ చాలాకాలం వింతగానే ఉండేది. దేవాలయానికి చెల్లే నాణెం తూరు పట్టణపు షెకెలు. దాని మీద ఒకవైపు మేల్కార్త్ దేవుడి తల, ఇంకోవైపు గద్ద ఉంటాయి. చుట్టూ "తూరు, పవిత్రమైనది, శరణు ఇచ్చేది" అని గ్రీకులో రాసి ఉంటుంది. రెండూ యూదులకు నచ్చే బొమ్మలు కావు.

నాణెంలో వెండి మాత్రం తొంభై శాతం పైన ఉండేది. షెకెలు దాదాపు 14 గ్రాములు, అర షెకెలు 7. ఆ చుట్టుపక్కల అంత నమ్మకమైన వెండి ఇంకోటి లేదు. దేవుడికి ఇచ్చేది తూకం తగ్గకూడదన్న పట్టింపు, బొమ్మ మీద అయిష్టాన్ని మించిపోయింది. వేరే నాణేలతో వచ్చినవాళ్ళు దేవాలయం దగ్గర రూకలు మార్చేవాళ్ళ దగ్గర వట్టం ఇచ్చి మార్చుకోవాలి. యేసు బల్లలు పడదోసింది వీళ్ళవే.

తూరు షెకెళ్ళ ముద్రణ క్రీ.పూ. 126 ప్రాంతంలో మొదలై క్రీ.శ. 66 ప్రాంతం దాకా సాగింది.

"కైసరువి కైసరునకు" అన్నప్పుడు యేసు తెప్పించి చూసిన నాణెం యూదుల పన్నుదేనా?

కాదు. అది అప్పటికి రోమ్ యూదయ ప్రాంతం మీద వేసిన మామూలు తలపన్ను. క్రీ.శ. 6లో రోమన్ గవర్నరు క్విరీనియస్ జనాభా లెక్క తీసినప్పటి నుంచి ఆ గొడవ నడుస్తోంది. గలిలయుడైన యూదా తిరగబడింది ఆ లెక్క మీదే. యూదుల పన్ను ఆ సంఘటనకు దాదాపు నలభై ఏళ్ళ తర్వాత పుట్టింది.

ఆ దేనారం తిబెరియస్ చక్రవర్తి కాలపు వెండి నాణెం అని సాధారణంగా అనుకుంటారు. బొరుసు వైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ, "పోంతిఫ్ మాక్సిమ్" (ప్రధాన పూజారి) అన్న బిరుదు ఉంటాయి. సువార్తలో మాత్రం నాణెం మీద కైసరు రూపం, పై వ్రాత ఉన్నాయని తప్ప ఏ కైసరో చెప్పలేదు.

దేవాలయం డబ్బు మీద రోమ్‌కు ముందు నుంచీ కన్నుందా?

రోమ్‌కు అనేకంటే, రోమ్ పంపిన కొందరు అధికారులకు ఉందనాలి. క్రీ.పూ. 62లో ఆసియా అనే రోమన్ ప్రాంతపు (ఇప్పటి టర్కీ పశ్చిమ భాగం) గవర్నరు ఫ్లాకస్, అక్కడి యూదులు జెరూసలేంకు పంపడానికి పోగుచేసిన బంగారాన్ని పట్టుకున్నాడు. అపామియా పట్టణంలో ఒక్కచోటే వంద రోమన్ పౌండ్లకు కాస్త తక్కువ దొరికింది. మూడేళ్ళ తర్వాత కేసు నడిస్తే ఫ్లాకస్ తరఫున వాదించింది సాక్షాత్తూ పేరుమోసిన రోమన్ వక్త సిసెరో.

ఆ తర్వాత జూలియస్ సీజర్, ఆగస్టస్ యూదులు తమ కానుకను పంపుకోవచ్చని స్పష్టంగా అనుమతించారు. మళ్ళీ క్రీ.శ. 66లో యూదయను పాలించే ప్రొక్యురేటర్ (చక్రవర్తి పంపిన అధికారి) గెస్సియస్ ఫ్లోరస్ దేవాలయం ఖజానా నుంచి 17 తలాంతులు తీసుకోవడం తిరుగుబాటుకు నిప్పు పెట్టింది.

## క్రీ.శ. 66 నుంచి 79 దాకా

తిరుగుబాటు చేసినవాళ్ళు సొంత నాణేలు వేశారా?

వేశారు, అదీ వెండితో. వెండి నాణెం వేయడమంటే అప్పట్లో నేరుగా రోమ్ అధికారాన్ని ధిక్కరించడమే. ఒకవైపు పాత్ర, "ఇశ్రాయేలు షెకెలు" అన్న మాట. ఇంకోవైపు మూడు దానిమ్మ మొగ్గల కొమ్మ, "పవిత్ర జెరూసలేం" అన్న మాట. మనిషి తల గానీ దేవుడి తల గానీ లేవు. తిరుగుబాటు మొదటి ఏడాది నుంచి ఐదో ఏడాది దాకా సంవత్సరం సంఖ్య కూడా వేశారు. ఐదో ఏడాదివి చాలా అరుదు. ఎందుకంటే ఆ ఏడాది కొన్ని నెలలకే నగరం కూలిపోయింది.

జుడేయా కాప్టా నాణెం మీద చెట్టు కింద ఏడుస్తున్న ఆవిడ ఎవరు?

ఓడిపోయిన యూదయ ప్రాంతమే స్త్రీ రూపంలో. వెస్పేసియన్ పెద్ద ఇత్తడి నాణెం మీద నడుమ ఖర్జూర చెట్టు, ఒక పక్క తల చేత్తో పట్టుకుని కూర్చున్న స్త్రీ, ఇంకో పక్క చేతులు కట్టేసిన బందీ లేదా బల్లెం పట్టుకుని నిలబడిన చక్రవర్తి ఉంటారు. "యుదాయా కాప్టా" అంటే యూదయ పట్టుబడింది అని.

ఇది బంగారంలో, వెండిలో, ఇత్తడిలో, రాగిలో, రకరకాల బొమ్మలతో ఏళ్ళ తరబడి వచ్చింది. వెస్పేసియన్ కొడుకు టైటస్ కూడా వేయించాడు. నిజానికి యూదయ అప్పటికే అరవై ఏళ్ళకు పైగా రోమ్ కిందే ఉంది. ఉన్న ప్రాంతాన్నే మళ్ళీ పట్టుకోవడం గొప్ప సంగతేం కాదు. కానీ వెస్పేసియన్‌ది రాజవంశం కాదు. అంతర్యుద్ధంలో సాటి రోమన్లను ఓడించి సింహాసనం ఎక్కాడు. దాన్ని నాణెం మీద వేసుకుంటే బాగోదు, కాబట్టి బయటి శత్రువు మీద గెలుపు కావాలి. ఆ అవసరాన్ని యూదయ తీర్చింది.

కూలిపోయింది జెరూసలేం దేవాలయం అయితే, డబ్బు రోమ్‌లోని జూపిటర్ గుడికి ఎందుకు?

క్రీ.శ. 69 డిసెంబరులో, వెస్పేసియన్ మనుషులకూ పోటీ చక్రవర్తి విటెలియస్ మనుషులకూ రోమ్ వీధుల్లో జరిగిన కొట్లాటలో కాపిటోలిన్ కొండ మీది జూపిటర్ గుడి తగలబడింది. దాన్ని మళ్ళీ కట్టాలి. ఎనిమిది నెలల తర్వాత జెరూసలేంలో దేవాలయం కాలిపోయింది. యూదులు ఏటా దేవాలయానికి పంపే రెండు డ్రాక్మాలను (గ్రీకు వెండి నాణేలు, అంటే ఆ అర షెకెలే, రెండు దేనారాలకు సమానం) ఇకమీదట కాపిటోల్‌కు కట్టాలని వెస్పేసియన్ ఆజ్ఞ ఇచ్చాడని యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు.

వసూలు పరంగా చూస్తే తెలివైన పని: అలవాటైన మొత్తం, దాదాపు అలవాటైన పద్ధతి, మారింది చిరునామా మాత్రమే. అవమానం పరంగా చూస్తే అంతకంటే పెద్దది ఊహించలేం. తమ దేవుడికి మనసారా ఇచ్చుకున్న కానుక, ఆ దేవుడి ఇంటిని తగలబెట్టినవాళ్ళ దేవుడికి బలవంతపు పన్నుగా మారింది.

పాత కానుక కూడా అంతే కదా, రెండు డ్రాక్మాలు. మరి భారం ఎక్కడ పెరిగింది?

మొత్తం అదే, కట్టేవాళ్ళే మారారు. దేవాలయం కానుక ఇరవై దాటిన మగవాళ్ళది. రోమ్ పన్ను ఆడవాళ్ళకూ పిల్లలకూ కూడా పడింది. ఈజిప్టులోని అర్సినోయె పట్టణంలో క్రీ.శ. 73 నాటి పన్ను జాబితా పపైరస్ మీద దొరికింది. దాన్నిబట్టి మూడేళ్ళు నిండిన పిల్లల దగ్గర నుంచి లెక్క మొదలయ్యేది. పై వయసు అరవై దాటాక ఎక్కడో ఆగేది.

అంటే భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు ఉన్న ఇల్లు ముందు రెండు దేనారాలతో సరిపెట్టుకుంటే, ఇప్పుడు పది కట్టాలి.

రెండు దేనారాలంటే ఇప్పటి రూపాయల్లో ఎంత?

రూపాయల్లోకి మారిస్తే తప్పే వస్తుంది, కూలితో పోల్చుకుంటే మేలు. బైబిల్లోని ద్రాక్షతోట పనివాళ్ళ ఉపమానంలో రోజు కూలి ఒక దేనారం. రోమన్ సైనికుడి జీతం డొమీషియన్ చక్రవర్తి పెంచకముందు ఏడాదికి 225 దేనారాలు. కాబట్టి ఒక మనిషికి రెండు రోజుల కూలి. మీ ఊళ్ళో కూలి ఎంతో వేసుకుని ఇంట్లో తలలతో హెచ్చించుకోండి.

ఒక్క మనిషికి అది నడుం విరిచే పన్ను కాదు. నలుగురైదుగురు పిల్లలున్న ఇంటికి, మిగతా పన్నులన్నీ కట్టాక, టెన్షన్ పెట్టే మొత్తమే.

ఈ పన్ను నిజంగా వసూలైందనడానికి రుజువులు ఏమున్నాయి?

ఈజిప్టు దక్షిణ భాగంలోని ఎడ్ఫు పట్టణంలో పగిలిన కుండపెంకుల మీద సిరాతో రాసిన రసీదులు పదుల సంఖ్యలో దొరికాయి. ఫలానా వాడు, ఫలానా వాడి కొడుకు, ఫలానా ఏడాదికి యూదుల పన్ను చెల్లించాడు, అంతే. పపైరస్ ఖరీదు, పెంకు ఉచితం. అందుకే చిన్న రసీదులన్నీ పెంకుల మీదే.

వాటి మీద మొత్తం రెండు డ్రాక్మాలని ఉండదు. ఈజిప్టు డ్రాక్మా చాలా తేలిక, నాలుగు కలిస్తే ఒక దేనారం. అందుకే అసలు 8 డ్రాక్మాలు, మార్పిడి వట్టం 2 ఒబోల్‌లు (డ్రాక్మా కంటే చిన్న నాణెం), "ప్రథమ ఫలాలు" పేరుతో ఇంకో డ్రాక్మా. వెరసి 9 డ్రాక్మాల 2 ఒబోల్‌లు. ప్రథమ ఫలాలన్నది కూడా దేవాలయం కానుకల్లోని మాటే, దాన్నీ వదల్లేదు.

ఇది మన దేశంలో జిజియా లాంటిదేనా?

మతాన్నిబట్టి వేసిన తలపన్ను అన్న వరకు పోలిక ఉంది, అక్కడితో సరి. జిజియా సూత్రప్రకారం పనిచేయగల వయోజన పురుషుల మీద, స్తోమతను బట్టి మెట్లుగా ఉండేది. స్త్రీలకు, పిల్లలకు మినహాయింపు ఉండేది. రోమ్ పన్నులో ధనిక పేద తేడా లేదు, మూడేళ్ళ పాపకూ మినహాయింపు లేదు. ఇంకో ముఖ్యమైన తేడా, రోమ్ మిగతా మతాలవాళ్ళందరి మీదా ఇలాంటిది వేయలేదు. ఓడిపోయిన ఒక్క జాతికి వేసిన శిక్ష ఇది.

## డొమీషియన్, నెర్వా

డొమీషియన్ కొత్తగా ఏం చేశాడు? పన్ను పెంచాడా?

రేటు పెంచలేదు, వల పెద్దది చేశాడు. సైనికుల జీతం 225 నుంచి 300 దేనారాలకు పెంచాడు, పెద్ద పెద్ద కట్టడాలు మొదలుపెట్టాడు, డబ్బు కావాలి. రోమన్ చరిత్రకారుడు సుయెటోనియస్ రాసినదాన్నిబట్టి రెండు రకాలవాళ్ళ మీద కేసులు పెట్టారు: యూదులమని ఒప్పుకోకుండా యూదు పద్ధతిలో బతికేవాళ్ళు, పుట్టుకను దాచి పన్ను ఎగ్గొట్టేవాళ్ళు.

ఇక్కడే తంటా. శనివారం దుకాణం తెరవనివాడు, పంది మాంసం తిననివాడు, యూదు స్నేహితులతో ప్రార్థనకు వెళ్ళినవాడు, ఎవరి మీదైనా ఫిర్యాదు పెట్టొచ్చు. రోమ్‌లో ప్రభుత్వ ప్రాసిక్యూటర్లు లేరు, కేసులు వేసేది ప్రైవేటు మనుషులే. గెలిస్తే వాళ్ళకు వాటా. పక్కింటివాడి మీద కోపం ఉంటే అంతకంటే తేలికైన దారి ఏముంటుంది?

పెద్దింటివాళ్ళకూ తప్పలేదు. క్రీ.శ. 95లో కాన్సుల్‌గా (రోమ్‌లో అత్యున్నత పదవి) పనిచేసిన ఫ్లేవియస్ క్లెమెన్స్ చక్రవర్తికి స్వయానా పెదతండ్రి వంశంవాడు. యూదు ఆచారాల్లోకి జారాడన్న అభియోగంతో ఆయన్ని చంపించాడు, భార్య డొమిటిల్లాను ద్వీపాంతరం పంపాడు.

తొంభై ఏళ్ళ ముసలాయన్ని కోర్టులో బట్టలు విప్పించి చూశారట, నిజమేనా?

సుయెటోనియస్ తాను కుర్రవాడిగా ఉన్నప్పుడు కళ్ళారా చూశానని రాశాడు. జనంతో కిక్కిరిసిన కోర్టులో, ప్రొక్యురేటర్ ముందు, తొంభై ఏళ్ళ మనిషికి సున్నతి అయిందో లేదో పరీక్షించారు. సుయెటోనియస్ మిగతా చోట్ల పుకార్లు కూడా రాస్తాడు కానీ, ఇది సొంత జ్ఞాపకం. తోసిపుచ్చడానికి కారణం కనిపించదు.

నాకు ఒక్కటే అంతుపట్టదు. ఈజిప్టు జాబితాల్ని బట్టి అరవై దాటినవాళ్ళకు పన్ను ఆగిపోవాలి. మరి తొంభై ఏళ్ళాయన ఏం బాకీ? పాత బకాయిలైనా అడిగి ఉండాలి, లేదా ఎగవేతకు ఆస్తి జప్తు చేయడమే అసలు గురి అయి ఉండాలి. రెండోదే ఎక్కువ నమ్మబుద్ధి అవుతుంది.

నెర్వా నాణెం మీద సరిగ్గా ఏం ఉంది?

డొమీషియన్‌ను క్రీ.శ. 96 సెప్టెంబరు 18న అంతఃపురంలోనే చంపేశారు. అదే రోజు సెనేట్ ముసలి నెర్వాను చక్రవర్తిని చేసింది. కొద్ది నెలల్లోనే రోమ్ టంకశాల నుంచి ఈ నాణెం వచ్చింది.

బొమ్మ వైపు పుష్పకిరీటంతో నెర్వా తల, కొక్కెం ముక్కు, సన్నటి మెడ. బొరుసు వైపు ఒక్క ఖర్జూర చెట్టు, దానికి అటూ ఇటూ ఎస్, సి అక్షరాలు, అంటే సెనేట్ తీర్మానం ప్రకారం అని. చుట్టూ "ఫిస్కి యుదాయికి కలుమ్నియా సుబ్లాటా". నాణెం సెస్టెర్టియస్, ఇత్తడిది, పాతిక గ్రాముల దాకా బరువు, అరచేతిలో నిండుగా ఉంటుంది. నాలుగు సెస్టెర్టియస్‌లు ఒక దేనారం. లెక్క కడితే ఒక మనిషి ఏటా కట్టే యూదుల పన్ను ఈ నాణేలు ఎనిమిది.

నెర్వా బిరుదుల్నిబట్టి 96లోనూ 97లోనూ వేర్వేరు విడతలుగా ముద్రించారని తెలుస్తుంది. ఒకసారి చెప్పి వదిలేసిన మాట కాదన్నమాట.

"సుబ్లాటా" అంటే తీసేశారని కదా. పన్ను రద్దయిందనే కదా అర్థం?

అందరూ ఎక్కువగా తడబడేది ఇక్కడే. తీసేశారు నిజమే, దేన్ని? వాక్యంలో తీసివేతకు గురైంది "కలుమ్నియా". లాటిన్ చట్ట భాషలో కలుమ్నియా అంటే దురుద్దేశంతో పెట్టిన తప్పుడు అభియోగం. "ఫిస్కి యుదాయికి" అన్నది "యూదుల ఖజానాకు సంబంధించిన" అని చెప్పే విశేషణ భాగం. మొత్తం కలిపితే: యూదుల పన్ను ఖజానా పేరు మీద పెట్టే తప్పుడు కేసులు తొలగించబడ్డాయి.

పన్నునే తీసేశాడని వాదించే పండితులు ఉన్నారు. అలాంటి ఖజానా ఉండటమే ఒక నింద, ఆ నిందను తొలగించాడు అని వాళ్ళు చదువుతారు. వ్యాకరణం దానికి అడ్డు చెప్పదు. కానీ నెర్వా ఇంకో నాణెం చూడండి. ఇటలీలో ప్రభుత్వ రవాణాకు బండ్లు, పశువులు సమకూర్చే భారం తీసేసినప్పుడు గడ్డి మేస్తున్న కంచరగాడిదల బొమ్మతో "వెహికులాటియోనె ఇటాలియే రెమిస్సా" అని వేయించాడు. భారాన్ని మాఫీ చేస్తే వాడే మాట "రెమిస్సా". కాలిగులా, గాల్బా నాణేల మీదా అదే మాట. యూదుల పన్ను నిజంగా మాఫీ అయితే అదే అచ్చు మాట వాడేవాడు. వాడలేదు. చరిత్రకారుడు డియో కూడా, యూదు పద్ధతిలో బతుకుతున్నారని ఎవరి మీదా ఫిర్యాదు చేయకూడదని నెర్వా ఆపాడని రాశాడు గానీ, పన్ను ఎత్తేశాడని రాయలేదు. తర్వాతి చక్రవర్తి ట్రేజన్ కాలంలో క్రీ.శ. 116 దాకా ఎడ్ఫు రసీదులు ఉన్నాయి.

కాబట్టి నా లెక్క ప్రకారం పన్ను ఉంది, వేధింపు ఆగింది. ఒక ప్రభుత్వం తన శాఖ పేరుతో తప్పుడు కేసులు నడిచాయని నాణెం మీదే ఒప్పుకోవడం మాత్రం మామూలు సంగతి కాదు. తప్పు పాత చక్రవర్తిది కాబట్టి ఒప్పుకోవడం తేలికైంది అనుకోండి.

నెర్వా నాణెం మీద ఖర్జూర చెట్టే ఎందుకు?

ఖర్జూరం యూదయకు గుర్తు. యెరికో ఖర్జూరాలు అప్పట్లో పేరుమోసినవి. మన ఈత చెట్టుకు దగ్గరి చుట్టం అది. వెస్పేసియన్ విజయపు నాణేల మీద అదే చెట్టు కింద ఏడుస్తున్న స్త్రీ, బందీ ఉండేవారు. నెర్వా నాణెం మీద చెట్టు మాత్రం మిగిలింది, మనుషులు లేరు. పాత నాణెం చూసిన కళ్ళకు ఆ ఖాళీ కనిపించకుండా ఉండదు.

ఈ నాణెం యూదుల్ని సంతోషపెట్టడానికి వేశారా?

అలా అనిపించదు. ముద్రించింది రోమ్‌లో, రాసింది లాటిన్‌లో. తూర్పు ప్రాంతాల యూదుల్లో ఎక్కువమంది చదివేది గ్రీకు. తప్పుడు కేసుల్లో ఇరుక్కుని ఆస్తులు పోగొట్టుకున్నవాళ్ళలో యూదులు కానివాళ్ళు, పెద్ద కుటుంబాలవాళ్ళు ఉన్నారు. నెర్వాను నిలబెట్టింది సెనేట్. ఆ వర్గానికి "ఇక మీ ఇళ్ళ మీదికి ఎవరూ రారు" అన్న భరోసా ఇచ్చే నాణెం ఇది. యూదులకూ మేలు జరిగింది, కానీ వాళ్ళు అసలు శ్రోతలు కారు.

అప్పటి క్రైస్తవులు ఈ పన్ను కట్టేవారా?

యూదులుగా పుట్టి యేసును నమ్మినవాళ్ళు రోమ్ కళ్ళకు యూదులే, వాళ్ళకు తప్పించుకునే దారి లేదు. యూదేతరులుగా పుట్టి క్రైస్తవులైనవాళ్ళు డొమీషియన్ కాలంలో ఇరుకున పడ్డారు: యూదు పద్ధతిలా కనిపించే బతుకు, కానీ పన్ను జాబితాలో పేరు లేదు. నెర్వా తర్వాత ఎవరు యూదు అన్నదానికి పుట్టుక కంటే ఆచారం ముఖ్యమైందని చాలామంది చరిత్రకారులు అంటారు. పూర్వుల ఆచారాలు పాటించే యూదులు పన్ను కడతారని డియో రాసిన మాట దానికి ఆధారం. రెండు మతాలు విడిపోవడంలో పన్ను రిజిస్టరు కూడా ఒక చెయ్యి వేసిందన్నది నాకు నచ్చే వాదన.

## ఆ తర్వాత

మరి పన్ను ఎప్పుడు ఆగింది?

చాలాకాలం నడిచింది. క్రీ.శ. 240 ప్రాంతంలో క్రైస్తవ పండితుడు ఒరిజెన్, యూదులు ఇప్పటికీ రెండు డ్రాక్మాలు కడుతున్నారని రాశాడు. నాలుగో శతాబ్దంలో జూలియన్ చక్రవర్తి యూదుల మీద పన్ను పత్రాల్ని తగలబెట్టించానని రాసిన ఉత్తరం ఒకటి ఉంది, అది నిజంగా ఆయన రాసిందేనా అన్నది వివాదం. ఎడ్ఫు రసీదులు 116లో ఆగిపోవడానికి కారణం పన్ను రద్దు కాదు. 115 నుంచి 117 దాకా సాగిన తిరుగుబాటులో ఈజిప్టు యూదు సమాజమే దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

బార్ కోఖ్బా నాణేల మీద రోమన్ చక్రవర్తి ముక్కు కనిపిస్తుందంటారు, ఎలా?

బార్ కోఖ్బా నాయకత్వంలో 132లో రోమ్ మీద మొదలైన తిరుగుబాటులో యూదులు కొత్తగా లోహం పోత పోయలేదు. చలామణిలో ఉన్న రోమన్ దేనారాలు, పెద్ద వెండి నాణేలు తీసుకుని వాటి మీదే తమ అచ్చు కొట్టారు. పెద్ద నాణెం మీద కూలిపోయిన దేవాలయం ముఖద్వారం, "జెరూసలేం స్వాతంత్ర్యం కోసం" వంటి మాటలు. దెబ్బ సరిగ్గా పడనిచోట అడుగున ఉన్న చక్రవర్తి గడ్డమో, పేరులో రెండు అక్షరాలో ఇంకా కనిపిస్తాయి. పన్నుగా కట్టాల్సిన వెండి మీదే స్వాతంత్ర్యం అని కొట్టారు. నాణేలు సేకరించేవాళ్ళకు ఇంతకంటే ఇష్టమైనవి తక్కువ.

## నాణెం చేతికి వస్తే

మన ప్రాంతంలో దొరికిన రోమన్ నాణేల్లో ఇలాంటివి ఉన్నాయా?

మన దగ్గరికి వచ్చినవి వ్యాపారంతో వచ్చిన బంగారం, వెండి. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో పదిహేను వందలకు పైగా వెండి దేనారాలు, వినుకొండలో 15 బంగారు నాణేలు దొరికాయి. నాగార్జునకొండలోనూ రోమన్ బంగారం దొరికింది. నెర్వా యూదుల పన్ను నాణెం ఇత్తడి చిల్లర, రోమ్ చుట్టుపక్కల తిరగడానికి వేసింది, సముద్రం దాటించి మిరియాలు కొనే సరుకు కాదు. కానీ దక్షిణ భారతంలో కుప్పలుగా దొరికే తిబెరియస్ దేనారం, కుర్చీలో కూర్చున్న స్త్రీ ఉన్నది, సువార్తలోని "కైసరు నాణెం" అని చెప్పుకునే రకమే.

ఆన్‌లైన్‌లో నెర్వా నాణెం అమ్మకానికి ఉంది, కొనొచ్చా?

తొందరపడొద్దు. నెర్వా ఖర్జూర చెట్టు, వెస్పేసియన్ జుడేయా కాప్టా, రెండూ ఎక్కువమంది కోరుకునేవి కాబట్టి నకిలీలూ ఎక్కువే. అంచు చుట్టూ అతుకు గీత, పైన గాలి బుడగల్లాంటి చిన్న గుంటలు ఉంటే పోత పోసిన నకిలీ. ఇంకో మోసం, అరిగిపోయిన అసలు నాణెం మీద ఉలితో అక్షరాలు మళ్ళీ చెక్కడం. అక్షరాల చుట్టూ లోహం గోకినట్టు పల్లంగా ఉంటే అనుమానించండి. ఇదే రకం నాణేల ఫొటోలు అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వారి ఉచిత ఆన్‌లైన్ జాబితాలో ఉంటాయి, బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్‌లోనూ చూడొచ్చు, పక్కన పెట్టి పోల్చండి. ఎక్కడ దొరికింది, ఇంతకుముందు ఎవరి దగ్గర ఉంది అన్న కాగితం చూపించలేని అమ్మకందారు దగ్గర నేనైతే కొనను.

మా పొలంలో పాత నాణేలు దొరికాయి. ఉంచుకోవచ్చా?

ముందు తోమొద్దు. చింతపండు, నిమ్మరసం, ఇసుక, ఏదీ వద్దు. తోమితే నాణెం మీద ఉన్న ఆధారం పోతుంది, విలువా పోతుంది. 1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. చెప్పకుండా దాచినా, అమ్మినా నేరం. కుండతో సహా దొరికితే కుండనూ కదిలించకుండా, ఎంత లోతులో ఏ పక్కన దొరికిందో ఫొటో తీసి, తహసీల్దారు ఆఫీసులో చెప్పి రసీదు తీసుకోండి.